బదిలీ బ్రదర్స్‌కే, టీచర్లకు కాదు

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ చదివి, నెల్లూరులో బీఈడీ పూర్తి చేసింది. బ్రదర్స్ నడిపే క్యాథలిక్ స్కూళ్లు చాలా దేశాల్లో ఉన్నాయనీ, ఇక్కడ ఒక్క ఇంటర్వ్యూ పాసైతే బ్యాంకాక్ పంపిస్తారనీ చెప్పి ఒక ఏజెంట్ రెండు లక్షలు అడుగుతున్నాడు. మేం హిందువులం. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దండి. అతను చెప్పినదాంట్లో సగం నిజముంది, అందుకే మీరు నమ్మబోయారు. హైదరాబాద్ అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్ స్కూల్, బ్యాంకాక్‌లోని అజంప్షన్ కాలేజీ రెండింటినీ నడిపేది సెయింట్ గాబ్రియేల్ మోంట్‌ఫోర్ట్ బ్రదర్సే. పేరుకు కాలేజీ అయినా అజంప్షన్ కూడా స్కూలే. అది 1885లో మొదలైంది, 1901 నుంచి వీళ్ల చేతుల్లో ఉంది.

కానీ అక్కడినుంచి ఇక్కడికి, ఇక్కడినుంచి అక్కడికి బదిలీలు బ్రదర్స్‌కే. వాళ్లు పెళ్లి, సొంత ఆస్తి వద్దనుకుని సంఘంలో చేరినవాళ్లు. సంఘం ఎక్కడికి పొమ్మంటే అక్కడికి వెళ్తారు. జీతానికి చేరే టీచర్ల సంగతి వేరు. ఏ బడి టీచర్లను ఆ బడే, ఆ దేశ చట్టం ప్రకారం తీసుకుంటుంది. థాయిలాండ్‌లో అయితే వర్క్ పర్మిట్, అక్కడి టీచర్ల మండలి అనుమతి కావాలి.

మతం గురించి టెన్షన్ వద్దు. మన దగ్గర కాన్వెంట్లలో హిందూ, ముస్లిం టీచర్లు ఎంతమంది లేరు! ఇంగ్లండ్ క్యాథలిక్ స్కూళ్లలో కూడా హెడ్, డిప్యూటీ హెడ్, మతబోధన విభాగాధిపతి వంటి కొద్ది పోస్టులకే క్యాథలిక్ కావాలంటారు.

అమ్మాయికి నేను చెప్పేది ఒకటే: ముందు రెండేళ్లు ఇక్కడే ఇంగ్లిష్ మీడియం హైస్కూల్లో పాఠం చెప్పాలి. నా దగ్గరికి వచ్చే బీఈడీ పిల్లల్లో చాలామంది బోర్డు మీద లెక్క చకచకా చేసేస్తారు. 'అలా ఎందుకొచ్చింది మేడమ్' అని పిల్లాడు అడిగితే మాత్రం ఇంగ్లిష్‌లో ఆగిపోతారు. డెమో క్లాసులో చూసేది సరిగ్గా అదే. తను ఏ మీడియంలో చదివిందో మీరు రాయలేదు. తెలుగు మీడియమైతే రోజూ ఇంట్లో పది నిమిషాలు ఒక సిద్ధాంతాన్ని ఇంగ్లిష్‌లో మీకే వివరించమనండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, వింటూ కూర్చోండి. ఈలోగా టెట్ కూడా రాయించండి.

మ్యాథ్స్ చదవడం తనకు కలిసొచ్చే విషయం. 2023 నుంచి ఇంగ్లండ్ ప్రభుత్వం భారతదేశంలో శిక్షణ పొందిన మ్యాథ్స్, సైన్స్, భాషా టీచర్లను తమ టీచర్ అర్హతకు నేరుగా దరఖాస్తు చేసుకోనిస్తోంది. డిగ్రీ, టీచర్ శిక్షణతో పాటు బోధన అనుభవం కూడా అడుగుతారు. రెండేళ్లు అన్నది అందుకే.

ఇక ఆ ఏజెంట్. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్ కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఈమైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు ఉందో లేదో వెతకండి. ఉన్నా, చట్టప్రకారం తీసుకోగలిగే ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతే. రెండు లక్షలు ఏ లెక్కన అడిగాడో, ఆఫర్ లెటర్ ఏ బడి ఇస్తుందో రాసివ్వమనండి.