ఫోన్ లాక్కోకండి, ముందు లెక్చరర్లను అడగమనండి

బంగారుపాళ్యం నుంచి ఒక తండ్రి రాశారు. పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఒక సార్ క్లాసులో ఫోన్ కనబడితే బయటికి పంపేస్తారట, ఇంకో మేడమ్ నోట్సంతా వాట్సాప్ గ్రూపులోనే పెడతారట. ఇంటికొచ్చినా చేతిలో ఫోనే, అడిగితే చదువుకుంటున్నానంటుంది. స్మార్ట్‌ఫోన్ తీసేసుకుని బటన్ ఫోన్ ఇచ్చేయమంటారా అని అడిగారు.

వద్దు అన్నా, ఆ పని మాత్రం చేయకండి. ఆ సార్, ఆ మేడమ్ ఇద్దరూ చెప్పేది దాదాపు ఒకటే. ఇక్కడి యూనివర్సిటీ, డిగ్రీ కాలేజీ లెక్చరర్లతో పని మీద తరచూ మాట్లాడుతుంటాను, ఫోన్ అసలే వద్దనేవాళ్లు నాకు తగిలింది తక్కువ. వాళ్ల బాధ ఎక్కడంటే, బోర్డు మీద డెరివేషన్ పూర్తవగానే పిల్లలు ఫోన్లెత్తి ఫోటో తీసుకుంటారు, ఇక ఆ లెక్క నోట్‌బుక్‌లోకి ఎక్కదు, తీరా సెమిస్టర్ పరీక్షలో మూడు గంటలు పెన్నుతో రాయాల్సి వచ్చేసరికి సగంలో చెయ్యి ఆగిపోతుంది. గ్రూపులో నోట్స్ పెట్టేవాళ్లకూ దిగులుంటుంది, నెట్ సరిగా అందని పిల్లలు, ఫోన్‌లో జాగా లేని పిల్లలు వెనకబడతారేమోనని. 40 పేజీల పీడీఎఫ్‌ని ఆ చిన్న తెర మీద చదివితే పైన బొమ్మ చూసి కిందికొచ్చేలోపు సమీకరణం మర్చిపోతారు, ఇది నేనూ కళ్లారా చూశాను.

అయితే ఫిజిక్స్ పిల్లకు ఫోనే ఒక చిన్న ల్యాబ్. ఫైఫాక్స్ అని జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీవాళ్లు చేసిన ఉచిత యాప్ ఉంది, ఫోన్‌లోని సెన్సర్లతోనే త్వరణం, శబ్దం, అయస్కాంత క్షేత్రం కొలవొచ్చు. ఫోన్‌ని తాడుకు గట్టిగా కట్టి లోలకంలా ఊపితే ఒక్కో ఊపుకు ఎంత సమయం పట్టిందో చూపిస్తుంది, దాన్నుంచి జి విలువను, అంటే భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణాన్ని, తను కాగితం మీద రాబట్టి చూసుకోవచ్చు. హాస్టల్ గదిలో ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఏముంటుంది చెప్పండి!

ఇంకోటి, ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వీడియో పాఠాలు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి, ఇప్పుడు స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ద్వారా ఉచితంగా నేర్చుకోవచ్చు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష రాయాలి, అదీ సెంటర్‌కు వెళ్లి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయంలో చేసి క్రెడిట్లు తెచ్చుకునే వీలుంది, కానీ తన యూనివర్సిటీ ఒప్పుకోవాలి, కాబట్టి రిజిస్టర్ చేసుకునే ముందే డిపార్ట్‌మెంట్‌లో అడగమనండి. తర్వాత జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఎస్సీకి వెళ్లాలనుకుంటే, ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ తిరుపతి అయినా మరో ఐఐటీ అయినా, ఈ పాఠాలు బాగా పనికొస్తాయి.

అందుకే పాపతో ఈ వారం ఒక పని చేయించండి. ఒక్కో లెక్చరర్ దగ్గరికి వెళ్లి, మీ సబ్జెక్టులో ఏది ఫోన్‌లో చదవాలి, ఏది పుస్తకంలో రాయాలి సార్ అని నేరుగా అడగమనండి. సబ్జెక్టును బట్టి జవాబు మారుతుంది, అడిగిన పిల్లలను టీచర్లు గుర్తుపెట్టుకుంటారు కూడా. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ ఎక్కడుండాలో మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి, దాన్ని చదువుతో కలపకండి.

ఆదివారం ఇంటికొచ్చినప్పుడు ఫోన్ అడగకండన్నా, నోట్‌బుక్ చూపించమనండి. ఆ వారం తేదీలతో పేజీలున్నాయా లేదా చూడటానికి మీకు ఫిజిక్స్ రానక్కర్లేదు.