కొండ పొద పిగిలి గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

హార్స్‌లీ కొండల మీద కొండ పొద పిగిలి అనే పిట్ట కోసం తిరిగి వచ్చి నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. మదనపల్లె నుంచి ఘాట్ రోడ్డు ఎక్కడం, తెల్లవారుజామున తాగిన టీ, మిత్రుల కెమెరాల వివరాలు పేజీలకు పేజీలు సాగాయి. తీరా పిట్ట కనిపించిన చోటికి వచ్చేసరికి ‘అద్భుతమైన అందం’, ‘మాటల్లో చెప్పలేని ఆనందం’ అని ముగించావు. నాకు కావలసింది నీ ఆనందం కాదు, దానికి కారణమైన పిట్ట.

దాని తల, గొంతు పసుపు, రొమ్ము బూడిద రంగు; మామూలు పికిలిపిట్టకు ఉండే నల్లని జుట్టు దీనికి లేదు. బండ మీద నుంచి పొదలోకి దిగేటప్పుడు తోక చివరి లేతపసుపు ఒక్కసారి మెరిసి మాయమవుతుంది, చాలామందికి దక్కేది అంతే. నీకూ అంతే దక్కితే అంతే రాయి. ఇంటికి వచ్చాక పుస్తకంలో చూసిన రంగులన్నీ తెచ్చి ఆ క్షణంలో నింపకు. పాట విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అవే కొండవాలుల్లో తిరిగే పొద పిగిలి అనే మరో పిట్ట గొంతు దీని గొంతుకు చాలా దగ్గరగా ఉంటుంది కనుక, పిట్టను చూడకుండా పాట మాత్రమే విన్నప్పుడు ఆ మాటే స్పష్టంగా రాస్తే, పాఠకుడు నీ మిగతా మాటలను కూడా నమ్ముతాడు.

అన్నిటికన్నా వెలితిగా తోచింది, వ్యాసంలో ఎక్కడా కొండరాయి లేకపోవడం. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఈ పిట్ట ఇక్కడైనా అడవి ఉన్న ప్రతిచోటా ఉండదు. పెద్ద పెద్ద గుండ్లూ, వాటి సందుల్లో పెరిగే ముళ్ళపొదలూ కలిసిన కొండవాలులే దాని బతుకు. ఆ సందుల్లో ఏ పొద ఉంది, దాని పళ్ళు పండాయా, జువ్విచెట్టు కింద నువ్వు ఎంతసేపు కాచుకున్నావు అన్నవి రాస్తే, ఆ పిట్ట ఎందుకు అరుదో విడిగా వివరించే పని ఉండదు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1845లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు అలాంటి కొండలనే గ్రానైట్ క్వారీలు పలకలుగా కోసుకుపోతున్నాయి, ఆ సంగతి తలచుకుంటే నాకు కడుపు మండుతుంది. అయినా వ్యాసం చివర ఉపన్యాసం పెట్టమనను. దారిలో క్వారీ కనబడి ఉంటే, పిట్టను చూపినంత నిదానంగా దాన్నీ చూపించు.

గూడు కనబడితే ఆ చోటు ఎవరికీ తెలిసేలా రాయకు. ఫోన్‌లో పాట వినిపించి పిట్టను బయటికి రప్పించి ఉంటే ఆ మాట దాచకు, మళ్ళీ అలా చేయకు.

తిరగరాసిన ప్రతితో పాటు కొండ మీద రాసుకున్న నోటుపుస్తకం పేజీలు కూడా పంపు. ముందు వాటినే చదువుతాను.