కోనసముద్రం ఉక్కు

ప్రశ్న: డమాస్కస్ కత్తులకు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కును వాడేవారని మా పెద్దలు చెబుతారు. ఇది నిజమేనా? ఆ ఉక్కు ప్రత్యేకత ఏమిటి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నిజమే. అయితే పశ్చిమాసియాలో పేరుపొందిన ఆ అలల చారల కత్తులకు దక్షిణ భారతంలోని ఇతర చోట్ల నుంచి కూడా ఉక్కు వెళ్లేది. పర్షియా వర్తకులు కోనసముద్రానికే వచ్చి ఉక్కు కొనుక్కుని వెళ్లేవారని, అక్కడి తయారీని స్వయంగా చూసిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ రాశారు. ఆయన వ్యాసం 1832లో అచ్చయింది.

ఇనుము ఉక్కుగా మారడానికి కావలసింది కొద్దిపాటి కర్బనం. కొలిమిలో సాగగొట్టే మెత్తని ఇనుములో అది దాదాపు ఉండదు; పోత ఇనుములో 2 శాతానికి మించి ఉండి, దెబ్బ తగిలితే పగిలిపోతుంది. మన పనివారు ఇనుప ముక్కలను మట్టి మూసల్లో పెట్టి, మూతికి మట్టి మెత్తి, బొగ్గుల నిప్పులో గంటల తరబడి కాల్చి, నిదానంగా చల్లారనిచ్చేవారు. అలా దొరికిన ముద్దలో సుమారు ఒకటిన్నర శాతం కర్బనం ఉండేది. ఆ ముద్దను మరీ ఎక్కువగా కాలిస్తే సుత్తి కింద పొడిపొడి అవుతుంది కనుక తగినంత ఎరుపులోనే కొట్టాలి; నా దృష్టిలో అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. కత్తి మీద కనిపించే అలల వంటి చారలు ఇనుము, కర్బనం కలిసిన గట్టి కణాలు వరుసలు తీరడం వల్ల ఏర్పడినవే.

1856లో, కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు టన్నుల లెక్కన చౌకగా తయారైంది. మూస ఉక్కు దానితో పోటీ పడలేకపోయింది.