తిండికీ క్యాన్సర్‌కీ లంకె పెట్టే పరిశోధనల్లో ఎవరెంత తిన్నారో ఎలా కొలుస్తారు? ఊరగాయతో కడుపు క్యాన్సర్ అని చదివి మా అమ్మ భయపడుతోంది, నమ్మొచ్చా?

అడిగి రాసుకుంటారండీ, అంతే. రక్తం తీసి మిషన్‌లో పెడితే తిన్నదంతా తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఒక ఫారం వస్తుంది. గడిచిన ఏడాదిలో పాలు నెలకెన్నిసార్లు, గుడ్లు వారానికెన్నిసార్లు అని గడులుంటాయి, టిక్కు పెట్టాలి. ఇంకో పద్ధతిలో నిన్న పొద్దుట్నించి తిన్నదంతా చెప్పమంటారు. మూడోది, తిన్నది తిన్నట్టు డైరీలో రాసుకోవడం. పేపర్లో మీరు చదివే "ముప్పు ఇంత శాతం" వార్తల్లో చాలావాటికి ఆధారం ఇదే.

ఆ ఫారాలు పట్టుకుని తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. తిరుపతిలో హోమ్‌సైన్స్ చదివాక ఒక సర్వేలో పనికి చేరాను. చంద్రగిరి, పాకాల వైపు పల్లెలు మావి. సోమవారం నుంచి శనివారం దాకా తిరగడం, ఆదివారం సెలవు. ఇందులో తిరకాసు ఏమిటంటే, మేం అడిగేది ఎప్పుడూ నిన్నటి సంగతి. అంటే శనివారం తిండి ఒక్క ఫారంలోకీ ఎక్కదు. మా వైపు శనివారం ఎన్ని ఇళ్ళలో నీచు ముట్టరో, పెరటాసి నెలలో ఎంత నిష్ఠగా ఉంటారో చెప్పక్కర్లేదు. సోమవారం ఫారాల్లో మాత్రం ఇంటింటా కోడికూర. అయ్యప్ప మాలల కాలంలో వెళ్తే మగవాళ్ళంతా శాకాహారులు. వారంలో అన్ని రోజులూ, ఏడాదిలో అన్ని కాలాలూ పట్టేలా అడగాలని పుస్తకాల్లో రాసే ఉంది. జీపుకు డీజిల్ పోయించేవాళ్ళకు ఆ పుస్తకం ఎవరు చదివి వినిపిస్తారు?

పాకాల అవతల ఒక ఇంటి సంగతి చెప్తాను. కొలత గిన్నెలు, గరిటెలు, గ్లాసులు అరుగు మీద పరిచాను. "అవ్వా, నిన్న పొద్దున లేచినకాణ్ణించి ఏమేం తిన్నావు?" అని మొదలుపెట్టాను. "ఏం తింటాను తల్లీ, ఇంత సంగటి" అంది. ఎంత అంటూ గిన్నెలు చూపించాను. ఆమె పకపకా నవ్వి, "సంగటి గిన్నెలో కొలిచేదేందమ్మా, ముద్ద కదా" అంది. ముద్ద ఎంత అంటే కోడల్ని పిలిచింది, ఎందుకంటే ముద్ద చేసేది కోడలు. కోడలు రెండు చేతులూ దగ్గరికి చేర్చి చూపించింది. "అంత లేదు" అని అత్త, "అంతే ఉంటుంది" అని కోడలు. మరి నువ్వెన్ని తిన్నావమ్మా అని కోడల్ని అడిగితే, అత్త ముఖం ఒకసారి చూసి "ఒకటే" అంది. పొద్దుట్నించి చెనిక్కాయ చేలో కలుపు తీసి వచ్చిన మనిషి!

ఇంట్లో అందరూ చెప్పిన ముద్దలు కలిపి చూశాను. ఎన్ని గింజలు వేశావు, ఎంత రాగిపిండి పోశావు అని కోడల్ని విడిగా అడిగి అదీ లెక్కేశాను. కుండలో వండినదానికీ మనుషులు తిన్నామన్నదానికీ పొంతనే లేదు. మిగిలింది కుక్కకు పెట్టారేమో అనుకుంటే, ఆ ఇంట్లో కుక్క లేదు.

నూనె ఎంత అంటే "పోపుకింత." మామిడిపళ్ళు నెలకెన్నిసార్లు అనే గడి చూపిస్తే, "కాలంలో అయితే అన్నం బదులు అవే, కాలం పోతే చెట్టుకేసి చూసేది" అంది అవ్వ. దాన్ని పన్నెండు నెలలకు పంచి రాయమని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. అనపకాయలూ అంతే. చలికాలంలో రోజూ పితికిపప్పే, తర్వాత ఏడాదంతా దాని ఊసే ఉండదు. ఇంట్లో ఎవరైనా మందు తాగుతారా అంటే "మా ఇంట్లో అలవాటు లేదు" అన్నారు. దీపాలకు నూనె పోసి పెట్టుకున్నది క్వార్టర్ సీసాలోనే.

అన్నిటికన్నా నాకు విచిత్రంగా తోచింది వేరే ఉంది. లేవబోతుంటే, ముందురోజు కొండకు పోయివచ్చిన చుట్టాలిచ్చిన లడ్డు ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. నిన్న మీరూ తిన్నారా అంటే అందరూ తిన్నామన్నారు. మరి చెప్పలేదేం? "ప్రసాదం తిండేంది తల్లీ!" అంది అవ్వ. తిరుపతి చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో ఎంత నెయ్యీ చక్కెరా ఇలా లెక్కకు అందకుండా పోతుందో. ఆమె నోట్లో మొదట్నించీ ఆకూవక్కా ఉంది, తిండి గడుల్లో దానికీ చోటు లేదు. వక్క క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన విభాగం 2003లోనే ప్రకటించింది. మా ఫారంలో మాత్రం చీజ్‌కు గడి ఉంది!

ఇదంతా పల్లెటూరివాళ్ళ అమాయకత్వం అనుకోకండి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో 1999-2000లో 484 మంది మీద ఓపెన్ అనే అధ్యయనం చేశారు. బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన నీళ్ళు తాగించి, అవి ఒంట్లోంచి ఎంత వేగంగా బయటికి పోతున్నాయో మూత్రం పరీక్షలో చూస్తే మనిషి నిజంగా ఎన్ని క్యాలరీలు ఖర్చు పెడుతున్నాడో తెలుస్తుంది. దాంతో పోలిస్తే, గడుల ఫారంలో మగవాళ్ళు 31 నుంచి 36 శాతం, ఆడవాళ్ళు 34 నుంచి 38 శాతం తక్కువ చెప్పారు. నిన్నటి తిండి అడిగే పద్ధతిలో తేడా ఇందులో ఇంచుమించు సగమే, అయినా ఉంది. లావుగా ఉన్నవాళ్ళు మరీ తగ్గించి చెప్పారు. అసలు చిక్కు ఇదే. అందరూ ఒకేలా తగ్గించి చెబితే సర్దుకోవచ్చు, ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కోలా తగ్గిస్తున్నారు. తూకంరాయే తప్పయితే లక్షమందిని తూచినా ఒరిగేదేముంది?

ఇంగ్లండ్‌లో నార్‌ఫోక్ ప్రాంతంలో షీలా బింగమ్ బృందం 13 వేలమంది ఆడవాళ్ళ మీద చేసిన పని 2003లో అచ్చయింది. వాళ్ళు ఏడు రోజుల డైరీ రాశారు, గడుల ఫారమూ నింపారు. డైరీ ప్రకారం చూస్తే సంతృప్త కొవ్వుకూ (నెయ్యి, వెన్నలాంటివాటిలో ఎక్కువుండే రకం) రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం కనిపించింది. అదే మనుషులు, అదే జబ్బు, ఫారం ప్రకారం చూస్తే తేల్చి చెప్పేంత సంబంధం లేదు. కాబట్టి "సంబంధం లేదని తేలింది" అనే వార్తనూ నేను అంత తేలిగ్గా నమ్మను.

జబ్బు వచ్చాక అడిగితే ఇంకా ఘోరం. మా మేనమామకు కడుపులో గడ్డ అని తెలిశాక, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకూ ముప్పై ఏళ్ళనాటి ఊరగాయ జాడీలతో సహా వర్ణించి చెప్పేవాడు. ఆరోగ్యంగా ఉన్న పక్కింటాయన్ని అడిగితే నిన్నటి కూర గుర్తు లేదు. వీళ్ళిద్దరినీ పోల్చి లెక్క తీస్తే ఊరగాయే దోషి అవుతుంది. అందుకే జబ్బు రాకముందే అడిగి, ఏళ్ళతరబడి కనిపెట్టి ఉండే అధ్యయనాలు మేలు. యూరప్‌లో పది దేశాల్లో అయిదు లక్షలకు పైగా మనుషులతో ఎపిక్ అనే అధ్యయనం నడిపింది అలాగే.

నన్నడిగితే తిన్నవాళ్ళను కాదు, వండినవాళ్ళను అడగాలి. మనవాళ్ళ పద్ధతిలో కొంత అది ఉంది. ఎంత గింజ పోశారు, వండాక ఎంత అయింది, ఎవరికెంత వడ్డించారు అని వరసగా అడుగుతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సర్వేలు ఎన్నో ఏళ్ళుగా అలాగే జరిగాయి. గంట పడుతుంది, ఓపిక కావాలి. ఫారానికింత అని డబ్బులిచ్చే చోట ఆ గంట ఎవరికుంటుంది? మా సూపర్‌వైజరు సాయంత్రం చూసేది ఎన్ని ఫారాలయ్యాయనే.

ఇక మీ అమ్మగారి ఊరగాయ. ఉప్పులో ఊరేసినవాటికీ కడుపు క్యాన్సర్‌కూ సంబంధం గురించి ఎక్కువగా చెప్పేది జపాన్, చైనా, కొరియా అధ్యయనాలు. వాళ్ళ ఊరగాయ వేరు, తినే మోతాదు వేరు. పైగా ఉప్పును నోటిమాటతో కొలవలేం, ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి పరీక్ష చేస్తే తప్ప. మీరు చదివిన వార్తలో ఆ పరీక్ష చేశారని ఉందా చూడండి. ఆమెకు బీపీ ఉంటే మాత్రం ఊరగాయ తగ్గించమనే నేనూ చెప్తాను, దానికి ఈ ఫారాలతో పనిలేదు.