కొత్త కాలేజీ, కొత్త బెంచీ

పదో తరగతి ముగించి ఇంటర్మీడియట్‌లో చేరే రోజుల్లో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. ఏ గ్రూపు తీసుకోవాలని అడిగేవారు కొందరే. చేరిన తర్వాత అక్కడ ఎలా మసలుకోవాలో తెలియక దిగులుపడేవారే ఎక్కువ. ఈసారి అలాంటి ఉత్తరాలు నాలుగు తీసుకున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లెటూరు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివి, పట్టణంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీలో చేరాను. ఆరో తరగతి నుంచి కలిసి తిరిగిన మా నలుగురిలో ఒకరు పాలిటెక్నిక్‌కు, ఒకరు హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్లిపోయారు, మరొకరు బైపీసీ తీసుకుని వేరే కాలేజీలో చేరారు. ఇక్కడ అందరూ ముందే ఒకరికొకరు తెలిసినవాళ్లలా ఉన్నారు. మధ్యాహ్నం నేనొక్కదాన్నే కూర్చుని డబ్బా తింటున్నాను. పాఠాలన్నీ ఇంగ్లీషులో చెబుతున్నారు, అర్థం కానిది అడగాలంటే నోరు పెగలడం లేదు. బడిలో ఖోఖో బాగా ఆడేదాన్ని. ఈ రెండేండ్లు ఆటలు, స్నేహాలు పక్కన పెట్టమని నాన్న అంటున్నారు. ఆయన చెప్పేది నా మంచికే అని తెలుసు, కానీ పొద్దున్నే కాలేజీకి బయలుదేరాలంటేనే ఏడుపు వస్తోంది. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ఒక్కదాన్నే డబ్బా తింటున్నానని నువ్వు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలల్లో భౌతికశాస్త్రం చెప్పిన నేను కొత్త విద్యా సంవత్సరం మొదలైన ప్రతిసారీ నీలాంటి పిల్లలను చూశాను. చివరి బెంచీలో కిటికీ పక్కన, సంచి కింద పెట్టకుండా ఒళ్లోనే ఉంచుకుని, గంట కొట్టగానే వెళ్లిపోవడానికి సిద్ధమైనట్టు కూర్చుంటారు. మిగతావాళ్లంతా ముందే పరిచయస్థులని నువ్వు అనుకుంటున్నావు గానీ అది నిజం కాదు. ఒకే బడి నుంచి వచ్చిన ముగ్గురు నలుగురు ఒకచోట చేరి గట్టిగా నవ్వుతుంటే, కొత్తగా వచ్చినవారికి తరగతి మొత్తం ఒకటే జట్టులా కనిపిస్తుంది. రేపు హాజరు పిలిచేటప్పుడు ఒకసారి చుట్టూ చూడు. నీలాగే తలవంచుకుని కూర్చున్నవాళ్లు ఇంకా కొందరు కనబడతారు, వాళ్లూ నిన్ను చూసి ఈ అమ్మాయికి ఎవరో ఉండే ఉంటారని అనుకుంటూ ఉండవచ్చు.

ఊళ్లో నీకు స్నేహం వెతుక్కోకుండానే దొరికింది. ఒకే వాడ, ఒకే బడి, ఒకే దారి కావడంతో ఎప్పుడు మొదలైందో కూడా నీకు గుర్తుండదు. కాలేజీలో అలా జరగదు, ఏదైనా ఒక పని కలిసి చేసినప్పుడే అక్కడ మనసులు కలుస్తాయి. మా ల్యాబ్‌లో చిన్న వస్తువులను కచ్చితంగా కొలిచే వెర్నియర్ కాలిపర్స్ ప్రయోగానికి పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టేదాన్ని. ఒకరు చిన్న గోళాన్ని దవడల మధ్య బిగించి, ప్రధాన స్కేలు రీడింగు చెప్పి, వెర్నియర్ మీద ఏ గీత సరిగ్గా కలిసిందో చూడాలి. రెండోవారు ఆ గీత సంఖ్యను 0.01 సెంటీమీటరుతో గుణించి, ప్రధాన స్కేలు రీడింగుకు కలిపి రాయాలి. ఒక ఏడాది ఇద్దరమ్మాయిలు, ఏడో గీత అని ఒకరు, కాదు ఎనిమిదో గీత అని ఇంకొకరు, పరికరాన్ని కిటికీ వెలుతురులోకి పట్టుకుపోయి, ఒక కన్ను మూసుకుని మళ్లీ మళ్లీ చూస్తూ పావుగంట వాదించుకున్నారు. నెల రోజులుగా ఒకే బెంచీలో కూర్చుంటూ పేరు కూడా అడగని ఆ పిల్లలు ఆ మధ్యాహ్నం వేపచెట్టు కింద ఒకరి డబ్బాలో కూర ఇంకొకరు వడ్డించుకుని తిన్నారు. వాళ్లను స్నేహం చేసుకొమ్మని నేనెన్నడూ చెప్పలేదు.

కాబట్టి నువ్వు కూడా మాట కలపడానికి ముందు ఒక పని కల్పించుకో. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి వచ్చిన అమ్మాయి పక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి ఒక నోటుపుస్తకం మొదలుపెట్టండి. పేజీకి ఒకవైపు వేగం, త్వరణం, ద్రవ్యవేగం, ఘర్షణ అని నువ్వు రాయి. రెండోవైపు వెలాసిటీ, యాక్సిలరేషన్, మొమెంటం, ఫ్రిక్షన్ అని ఆమె రాస్తుంది. ఆమెకు ఆ మాటలు చెవికి అలవాటై ఉంటాయి. నీకు తెలుగులో వాటి అర్థం మనసులో నాటుకుని ఉంది, ఇది తక్కువ ఆస్తి కాదు. అభిలంబం (ఉపరితలానికి లంబంగా ఉండే గీత) అనే మాట విని బొమ్మ గీయగలిగిన తెలుగు మాధ్యమం పిల్లలు, నార్మల్ అనే మాటను బట్టీ పట్టినవారికి దాని అర్థం చెప్పడం నా తరగతిలోనే ఎన్నోసార్లు చూశాను. తెలుగు అకాడమీ ప్రచురించిన ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమ పుస్తకాలు కళాశాల గ్రంథాలయంలో అడుగు. ఇంగ్లీషు పాఠం చదివే ముందు రాత్రి అదే అధ్యాయాన్ని తెలుగులో ఒకసారి చదివి వెళ్తే, మర్నాడు లెక్చరర్ చెప్పేది సగానికి పైగా అందుతుంది. తెలంగాణలో 2023–24 విద్యా సంవత్సరం నుంచి ఇంగ్లీషు సబ్జెక్టులో 20 మార్కులు ప్రాక్టికల్స్‌కు కేటాయించారు. చదవడం, రాయడం వచ్చినంత మాత్రాన అవి రావు, నోరు విప్పి మాట్లాడాలి. అందుకోసమైనా ఆ అమ్మాయితో రోజూ మధ్యాహ్నం పది నిమిషాలు తప్పులతోనే ఇంగ్లీషులో మాట్లాడు. తరగతిలో లేచి అడగడానికి భయమైతే గంట అయ్యాక వరండాలో అడుగు. వరండాలో ఆపి సందేహం అడిగిన పిల్లలను కసురుకున్న లెక్చరర్లు నాకు తెలిసినంతలో చాలా అరుదు.

ఇక ఆట సంగతి. ఇక్కడి నుంచి మీ నాన్నగారికి చదివి వినిపించు. అయ్యా, కూతురిని పట్నం కాలేజీకి పంపిన తండ్రిగా మీ భయం నాకు అర్థమవుతోంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. అయితే వారానికి 168 గంటలు ఉంటాయి. అందులో సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఒక్కో గంట ఆటకు పోతే మిగిలేవి 165. ఆ మూడు గంటలు మిగుల్చుకోవడం వల్ల అమ్మాయికి వచ్చే మార్కుల కంటే, దిగులుతో పుస్తకం ముందు కూర్చుని పోగొట్టుకునే మార్కులే ఎక్కువ. జూనియర్ కళాశాల పిల్లలకు స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్-19 విభాగంలో పోటీలు ఉంటాయి, వాటిలో ఖోఖో కూడా ఉంది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్పును మన మహిళల జట్టు, పురుషుల జట్టు రెండూ గెలిచాయి. మన పల్లె బడుల మట్టిలో ఆడుకునే ఆటే అది. మీ అమ్మాయి అంతవరకు వెళ్తుందని నేను ఆశ పెట్టడం లేదు. వెనక నుంచి వీపు తట్టి ఖో అన్న మరుక్షణం లేచి పరుగెత్తే ఆటలో, తనతోపాటు ఆడేవాళ్లను నమ్మడం తెలిసిన పిల్ల, ఆ నమ్మకంతోనే తరగతిలోనూ నిలదొక్కుకుంటుందని మాత్రం చెప్పగలను.

మీకున్న మరో భయం ఆలస్యమైతే ఎలా వస్తుందన్నది కావచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కాబట్టి ఖర్చు భయం అక్కర్లేదు. ఆట ఉన్న రోజున ఏ బస్సులో, ఎవరితో కలిసి వస్తుందో ముందే మాట్లాడుకుని ఉంచండి. ఫిజికల్ డైరెక్టర్ గారిని ఒకసారి స్వయంగా వెళ్లి కలవండి. మూడు నెలల తర్వాత పరీక్షల్లో వెనకబడిందనిపిస్తే, ఆటను వారానికి ఒక రోజుకు తగ్గించే నిర్ణయం మీరు, అమ్మాయి, డైరెక్టర్ గారు ముగ్గురూ కూర్చుని తీసుకోండి.

అమ్మా, పాత స్నేహితురాళ్లను వదులుకోవలసిన పని కూడా లేదు. ఆదివారం సాయంత్రం ఒక వేళ పెట్టుకుని నలుగురూ ఫోనులో మాట్లాడుకోండి. మిగతా ఆరు రోజులూ వాళ్లను తలచుకుంటూ కొత్తవాళ్లకు ముఖం చాటేయకు.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నాను. పొద్దున్న అయిదింటికి లేపుతారు, రాత్రి పదిన్నర వరకు స్టడీ అవర్స్. వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకులు గోడకు అంటిస్తారు, ర్యాంకును బట్టి సెక్షన్ మారుస్తారు. నాతో కలిసి చేరిన మా ఊరి స్నేహితుడు పై సెక్షన్‌కు వెళ్లాక మాట్లాడటం తగ్గించేశాడు. ఇంట్లో చెబితే లక్షన్నర కట్టాం, సర్దుకో అంటున్నారు. రెండు వారాలుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు. (ఒక విద్యార్థి, గుంటూరు జిల్లా)

జవాబు: నాయనా, నిద్ర పట్టడం లేదన్న మాటను చివరలో చిన్నగా రాశావు. నేను దాని నుంచే మొదలుపెడతాను. రెండు వారాలుగా నిద్ర లేకపోవడం సర్దుకుపోవలసిన విషయం కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సలహా సేవ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా అందుబాటులో ఉంది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. హాస్టల్లో ఫోను ఇచ్చే రోజున ఇంటికి చేసే ముందో తర్వాతో ఆ నంబరుకు ఒకసారి చేయి. అంతవరకు ఆగలేననిపించినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రాత్రే వార్డెన్‌ను లేపి చెప్పు. లేపినందుకు ఎవరేమనుకుంటారోనని వెనుకాడవద్దు.

నీ స్నేహితుడి విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను. పై సెక్షన్‌కు వెళ్లిన పిల్లవాడికి కింద పడిపోతానేమోనన్న భయం నీ బాధకంటే తక్కువేమీ కాదు. అతను నిన్ను చిన్నచూపు చూస్తున్నాడని అప్పుడే తేల్చుకోకు. రాత్రి భోజనాల దగ్గర అతని పక్కన కూర్చుని ర్యాంకు మాట, పరీక్ష మాట ఎత్తకుండా ఊరి సంగతి ఏదైనా అడుగు. వర్షాలు పడ్డాయా, ఈసారి మిరప వేశారా, మీ తమ్ముడు ఏ క్లాసుకు వచ్చాడు, ఇలాంటివి. జవాబు వస్తే సంతోషం, రాకపోతే నీ గదిలోనే ఉన్న మరొకరితో అదే పలకరింపు మొదలుపెట్టు. అవుటింగ్ ఇచ్చే ఆదివారం ఒక్కడివే గదిలో పడుకోవద్దు, ఎవరో ఒకరితో కలిసి నడిచి రా.

మీ అమ్మానాన్నలకు ఈ పేజీ పంపు. వారికి నా విన్నపం ఇది. కట్టిన డబ్బు మాట పిల్లవాడి ముందు ఒక్కసారి అన్నా, అది వాడి మెదడులో ప్రతి పరీక్షకూ మోగుతూనే ఉంటుంది. నేను ఎందరో పిల్లల నోట విన్న మాట ఇది. ఈ వారమే వెళ్లి వాడిని చూడండి, ర్యాంకు అడగకుండా ఒక పూట గడపండి. వాడి ముఖం చూశాక కూడా ఆ హాస్టల్ సరిపడదని తోస్తే, ఇంటి నుంచి వెళ్లి వచ్చే కాలేజీకి మార్చడానికి వెనుకాడవద్దు. డబ్బు కొంత పోతుంది, పోనివ్వండి.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో బైపీసీ చదువుతున్నాను. సీనియర్లు కొందరు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లో, కొందరు ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్)లో చేరమంటున్నారు. రెండింటిలో ఏది మంచిది?

జవాబు: మీ కళాశాలలో రెండు యూనిట్లూ ఉన్నాయంటే నువ్వు అదృష్టవంతుడివి. పొద్దున్నే లేచి డ్రిల్లు చేయడం, యూనిఫారం, సైన్యంలోనో పోలీసులోనో చేరాలన్న కోరిక ఉంటే ఎన్‌సీసీలో చేరు. బి సర్టిఫికెట్ వచ్చే వరకు మధ్యలో మానకుండా ఉండాలి. ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబరు 24న గాంధీజీ శతజయంతి ఏడాదిలో మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ, దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల శిబిరం ఉంటాయి. వైద్యం వైపు వెళ్లాలనుకునే బైపీసీ విద్యార్థికి నేనైతే ఎన్‌ఎస్‌ఎస్ చెబుతాను. ఇంటింటికీ వెళ్లి తాగునీటి గురించి, జ్వరాల గురించి ముసలివాళ్లను అడిగి రాసుకోవడం నీకు రేపటి వృత్తిలో పనికొస్తుంది. శిబిరంలో ఏడు రాత్రులు ఒకే బడి గదిలో చాపలు పరుచుకుని పడుకున్నవాళ్ల స్నేహం చాలా ఏళ్లు నిలవడం నేను చూశాను.

ప్రశ్న: మాది నంద్యాల. నాకు తెలుగు ఇష్టం, కథలు రాస్తాను. మా స్నేహితులంతా మార్కులు సులువుగా వస్తాయని రెండో భాషగా సంస్కృతం తీసుకున్నారు. నేనొక్కణ్నే తెలుగు తీసుకుంటే వాళ్లకు దూరమవుతానా?

జవాబు: దూరం కావు నాయనా. సంస్కృతం గొప్ప భాష, దాన్ని ఇష్టపడి చదివేవారంటే నాకు గౌరవం. ఇష్టం లేకుండా, పక్కవాళ్లు తీసుకున్నారని మాత్రమే తీసుకోవడం పట్లే నా అభ్యంతరం. కథలు రాసే పిల్లవాడు పద్యం, ఛందస్సు, వ్యాకరణం నేర్పే తరగతిని వదులుకుని, రెండేళ్లు మార్కుల కోసం గైడు బట్టీ పట్టడం నాకు బాధ కలిగిస్తుంది. తెలుగు లెక్చరర్ గారిని కలిసి గోడపత్రిక పెడదామని అడుగు. వరండాలో ఒక బోర్డు, నెలకు నాలుగు డ్రాయింగు షీట్లు చాలు. నీ కథకు బొమ్మ వేయడానికి, అందంగా తిరగరాయడానికి ఆ సంస్కృతం స్నేహితులనే పిలువు. రెండో భాష పీరియడ్‌కు వాళ్లు ఒక గదికి, నువ్వు ఒక గదికి వెళ్తారు, గంట కొట్టాక ఆ బోర్డు దగ్గరే మళ్లీ కలుస్తారు. ఇప్పటికే దరఖాస్తులో సంస్కృతం అని రాసి ఉంటే, మార్చుకునే గడువు ఎప్పటివరకో ప్రిన్సిపాల్ గారిని ఈ వారమే అడుగు.