వారంటీ ఉండగానే మొరాయిస్తున్న ల్యాప్‌టాప్‌ను వదిలించుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటి నుంచే పదకొండు చిన్న దుకాణాల లెక్కలు చూస్తూ, వాటి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తూ నెలకు సుమారు 24,000 రూపాయలు సంపాదిస్తున్నాను. పది నెలల కిందట 58,000 రూపాయలకు కొన్న ల్యాప్‌టాప్ ఇప్పటికి మూడుసార్లు మొరాయించింది. మొదటిసారి ఛార్జర్, రెండోసారి ర్యామ్ మార్చారు. ఇప్పుడు పని మధ్యలో తెర నల్లబడి ఆగిపోతోంది. సర్వీస్ సెంటర్‌కు ఇస్తే పది పదిహేను రోజులు పడుతుందట. మదర్‌బోర్డు పోయి ఉంటే వారంటీ లేనివారికి 21,000 రూపాయలు అవుతుందని అక్కడే చెప్పారు. బయట షాపువాళ్లు 4,500 రూపాయలకు రెండు రోజుల్లో బాగుచేసి ఇస్తామంటున్నారు. మరో దుకాణంలో దీన్ని 20,000 రూపాయలకు ఎక్స్ఛేంజ్‌లో తీసుకొని 62,000 రూపాయల కొత్తది ఇస్తామని, మిగతా 42,000 క్రెడిట్ కార్డుపై పన్నెండు వాయిదాల్లో కట్టుకోవచ్చని అంటున్నారు. వారంటీ ఇంకా ఏడు వారాలే ఉంది. 6,800 రూపాయలు కడితే మరో రెండేళ్లు పొడిగిస్తామని కంపెనీ నుంచి సందేశం వచ్చింది. బ్యాంకులో 35,000 రూపాయల పొదుపు ఉంది. మొదటి మరమ్మతు తాలూకు జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ సమస్య రాసి ఇచ్చే కాగితం) కనిపించడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా నిర్ణయం చెబుతాను. ఈ ఏడు వారాల్లోనే ల్యాప్‌టాప్‌ను సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. అంతవరకు బయట ఎవరి చేతా విప్పించకండి, ఎక్స్ఛేంజ్‌కు ఒప్పుకోకండి. పది నెలల్లో మూడుసార్లు చెడిన వస్తువు మీద విసుగు పుట్టడంలో తప్పేమీ లేదు. అయితే వస్తువు మీద నమ్మకం పోవడం వేరు, దానితో పాటు కొనుక్కున్న హక్కును వదులుకోవడం వేరు. మీరు చెల్లించిన 58,000 రూపాయల్లో ఆ ఏడాది వారంటీ వెల కూడా కలిసే ఉంది. వాడుకోకుండా గడువు దాటనిస్తే ఆ డబ్బును ఎవరూ తిరిగి ఇవ్వరు.

ఇక మూడు దారుల ఖర్చు చూద్దాం. ఎక్స్ఛేంజ్‌కు ఇస్తే 58,000 రూపాయల వస్తువు మీద పది నెలల్లో 38,000 రూపాయలు పోగొట్టుకున్నట్లే. పైగా 42,000 రూపాయల కొత్త అప్పు మొదలవుతుంది. నెలకు 3,500 రూపాయల వాయిదా అంటే మీ సంపాదనలో ఏడో వంతు. వడ్డీ లేని వాయిదా అని చెప్పే పథకాల్లో కూడా ప్రాసెసింగ్ రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉండవచ్చు. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ పడుతుంది. బయట షాపులో 4,500 రూపాయలకు పని అయినట్లే కనిపిస్తుంది గానీ, బయటివారు విప్పినట్లు ఆనవాలు కనబడితే కంపెనీ వారంటీని తిరస్కరించే అవకాశం ఉంది. అప్పుడు అదే బోర్డు మళ్లీ పోతే 21,000 రూపాయలూ మీ మీదే పడతాయి. మూడోదైన వారంటీ దారిలో మరమ్మతుకు ఖర్చు లేదు. ఆ పదిహేను రోజులు అద్దె ల్యాప్‌టాప్ తెచ్చుకుంటే, అద్దె నెలకు 2,000 రూపాయలు అనుకున్నా, మూడింటిలో ఇదే అతి తక్కువ ఖర్చు.

మిమ్మల్ని నిజంగా వెనక్కి లాగుతున్నది డబ్బు కంటే ఆ పదిహేను రోజులేనని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఆ భయం సహేతుకమైనదే. పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, లావాదేవీలు లేని రిటర్నుకైతే 20 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. పదకొండు దుకాణాలకు అది పడితే ఖర్చును మించి మీ పేరు దెబ్బతింటుంది. అందుకే ఇచ్చే తేదీని మీ పని చూసి ఎంచుకోండి. నెలవారీ దాఖలు చేసేవారికి అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బీ గడువు 20వ తేదీ. 20 నాటికి పని ముగించి 21న ఉదయమే ల్యాప్‌టాప్ ఇస్తే, తరువాతి నెల 11 వరకు మీకు దాదాపు మూడు వారాలు దొరుకుతాయి. త్రైమాసిక రిటర్నుల వారు ఉంటే, తెలంగాణలో వారి 3బీ గడువు త్రైమాసికం తరువాతి నెల 22 కాబట్టి ఆ నెలలో 23న ఇవ్వండి. మీకు మిగిలిన ఏడు వారాల్లో ఇలాంటి వ్యవధి ఒకటి తప్పక వస్తుంది. కాకపోతే ఫిర్యాదును మాత్రం ఈ రోజే ఫోన్‌లోనో వెబ్‌సైట్‌లోనో నమోదు చేసి నంబరు తీసుకోండి. గడువులోపల ఫిర్యాదు నమోదై ఉంటే, మరమ్మతు గడువు దాటాక పూర్తయినా సాధారణంగా ఉచితంగానే చేస్తారు. అందుకు మీ చేతిలో ఉండే రుజువు ఆ నంబరే.

అప్పుడప్పుడు మాత్రమే కనబడే లోపంతో ఉన్న చిక్కు ఏమిటంటే, సర్వీస్ సెంటర్ బల్ల మీద అది కనబడదు. కొన్నేళ్ల కిందట నా ల్యాప్‌టాప్ కూడా ఇలాగే ఆగిపోతుంటే తీసుకెళ్లి ఇచ్చాను. కౌంటరులో ఉన్న అబ్బాయి జాబ్ షీట్‌లో సమస్య అన్న గడిలో ‘స్లో’ అని ఒక్క మాట రాశాడు. నేను చదవకుండానే సంతకం పెట్టాను. నాలుగు రోజుల తరువాత ‘లోపం కనబడలేదు’ అన్న ముద్రతో అది తిరిగి వచ్చింది. నెల దాటాక, అప్పటికి వారంటీ తీరిపోయింది, పూర్తిగా ఆగిపోయింది. లోపం పాతదేనని వాదించడానికి నా దగ్గర ఉన్న ఏకైక కాగితం మీద ‘స్లో’ అనే ఉంది. మీకు ఆ పరిస్థితి రాకూడదని కోరుకుంటున్నాను. కాబట్టి ఈసారి తెర నల్లబడగానే ఫోన్ తీసి వీడియో తీయండి. ఫ్యాన్ తిరుగుతోందా, ఛార్జర్ పెట్టి ఉందా, ఎంతసేపు వాడాక ఆగింది అన్నవి అందులో నోటితో చెప్పండి. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఇలాంటి సమయంలో క్యాప్స్ లాక్ దీపమో ఛార్జింగ్ దీపమో లెక్క ప్రకారం వెలిగి ఆరుతూ ఉంటుంది. ఎన్నిసార్లు వెలిగిందో దాన్ని బట్టి లోపం ఏ భాగంలో ఉందో సాంకేతిక నిపుణుడు పోల్చుకోగలడు. జాబ్ షీట్‌లో ‘ఛార్జింగ్‌లో ఉండగా సుమారు నలభై నిమిషాలకు తెర ఆగిపోతోంది, ఇది మూడో ఫిర్యాదు’ అన్నంత వివరంగా, మీకు ఎదురైనది ఎదురైనట్లే రాయించి, చదివిన తరువాతే సంతకం చేయండి.

ఇచ్చే ముందు లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలోని మీ డేటాను, క్లయింట్ల పత్రాలను బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి, ఎందుకంటే డేటా పోతే వారంటీ బాధ్యత వహించదు. టాలీ లైసెన్సు మీ సొంతమైతే దాన్ని ఈ యంత్రం నుంచి విడిపించి (సరెండర్ చేసి) అద్దె యంత్రంలో యాక్టివేట్ చేసుకోండి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని రాసిపెట్టుకోండి. మదర్‌బోర్డు మార్చాక తెరవగానే అది అడగవచ్చు, కీ లేకపోతే లోపలి ఫైళ్లు చేతికి రావు. పదకొండు మంది పాన్ వివరాలూ పోర్టల్ పాస్‌వర్డులూ మీ దగ్గర ఉంటాయి గనుక, బ్రౌజర్‌లో దాచినవన్నీ తొలగించి మరీ ఇవ్వండి.

ఈసారి మరమ్మతుతో పాటు ఒక లిఖితపూర్వక విజ్ఞప్తి కూడా పెట్టాలి. పది నెలల్లో మూడు లోపాలు వచ్చాయని, ఇదే సమస్య మళ్లీ వస్తే కొత్త యంత్రం గానీ డబ్బు గానీ ఇవ్వాలని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ పంపండి. వారంటీ షరతుల్లో బాగుచేయాలా, మార్చి ఇవ్వాలా అన్నది కంపెనీ ఇష్టానికే వదిలి ఉంటుంది కాబట్టి మొదటి జవాబు మీకు అనుకూలంగా రాకపోవచ్చు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి; తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వస్తువు ఎక్కడ కొన్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు గనుక రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల వ్యవధి ఉంటుంది. లోపం సరిచేయాలనీ, వస్తువు మార్చి ఇవ్వాలనీ, ధర తిరిగి చెల్లించాలనీ ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. ల్యాప్‌టాప్‌ను సంపాదనకు వాడుతున్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని ఎవరైనా అంటే తగ్గకండి; స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్న వస్తువుకు చట్టమే మినహాయింపు ఇచ్చింది.

పొడిగింపు విషయానికి వస్తే, నేను సాధారణంగా వీటిని కొనవద్దనే చెబుతాను. మీ విషయంలో నా అభిప్రాయం వేరు. 21,000 రూపాయల ప్రమాదానికి 6,800 రూపాయలు కట్టడం అంటే, రెండేళ్లలో బోర్డు పోయే అవకాశం మూడింట ఒక వంతు ఉంటే లెక్క సరిపోతుంది. ఏడాది తిరగకముందే మూడుసార్లు చెడిన యంత్రానికి ఆ అవకాశం అంతకంటే తక్కువ అని నేను అనుకోను. కాబట్టి కంపెనీ యంత్రాన్నే మార్చి ఇస్తే పొడిగింపు వద్దు, మరమ్మతు మాత్రమే చేసి ఇస్తే గడువు ముగియకముందే తీసుకోండి. తీసుకునేది తయారీ కంపెనీ సొంత పథకమేనా, బ్యాటరీ అందులో ఉందా లేదా అన్నది చూసి కట్టండి. దుకాణాలు అమ్మే పథకాల్లో కొన్నింటిలో యంత్రం వయసును బట్టి ఇచ్చే సొమ్ము తగ్గిస్తూ పోతారు.

మీ పొదుపులో నుంచి ఈ 6,800 తీసినా 28,000 రూపాయలకు పైగా మిగులుతుంది. దాన్ని ఇంటి అత్యవసరాలకే ఉంచండి. కట్టాల్సి వచ్చేదనుకున్న 3,500 రూపాయల వాయిదాలో సగం కంటే తక్కువ, నెలకు 1,500 రూపాయలు, ఈ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మూడేళ్లకు అసలే 54,000 రూపాయలు అవుతుంది. తరువాతి ల్యాప్‌టాప్‌ను అప్పు లేకుండా కొనగలుగుతారు.

పోయిన జాబ్ షీట్ గురించి అడిగారు. ఆ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి సీరియల్ నంబరు చెబితే మరమ్మతుల వివరాలు వారి కంప్యూటరులో కనబడాలి. ప్రింటు ఇవ్వమని అడగండి, ఇవ్వకపోతే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. కొన్న బిల్లు నున్నటి థర్మల్ కాగితం మీద ఉంటే దాని అక్షరాలు ఇప్పటికే వెలిసిపోతూ ఉండవచ్చు. తేదీ, సీరియల్ నంబరు స్పష్టంగా కనిపించేలా ఈ పూటే దాన్ని ఫోటో తీసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి.