కథలు ఆగిపోయిన తమ్ముడికి

ప్రశ్న: షికాగోలో ఎమ్మెస్, రెండో సెమిస్టర్. కథలు రాసేవాణ్ణి. రెండు నెలలుగా ఒక్క పేజీ రాయలేదు, మంచం దిగబుద్ధి కావడం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే వీసాకి ఇబ్బందా?

తమ్ముడూ, నువ్వు చెప్పేది డిప్రెషన్‌లా ఉంది. దానికి వైద్యం చేయించుకుంటే స్టేటస్ (విద్యార్థి వీసా మీద ఇక్కడ ఉండే హోదా) పోదు. చెప్పకుండా క్లాసులు వదిలేస్తే పోతుంది. కోర్సు డ్రాప్ చేయకముందే డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకో. ఆరోగ్య కారణంతో ఒక్కో డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల దాకా కోర్సుల భారం తగ్గించుకోవచ్చు, కాకపోతే ప్రతి సెమిస్టర్‌కీ మళ్లీ అడగాలి. నీ ఆరోగ్యం బాగాలేదని ఉత్తరం కావాలి, అది ఎండీ గానీ, డీఓ (ఆస్టియోపతీ డాక్టర్) గానీ, లైసెన్సున్న సైకాలజిస్టు గానీ ఇవ్వాలి. కొత్తగా వచ్చిన పిల్లలు ముందు డ్రాప్ చేసేసి తర్వాత ఉత్తరం కోసం పరిగెడతారు, అప్పటికి ఆలస్యమైపోతుంది. మిగతా రూల్స్ మీ ఇంటర్నేషనల్ ఆఫీసు పేజీలో చూసుకో.

ఈ వారమే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి ఫోన్ చెయ్యి. 'మూడ్ బాగాలేదు' అని ఊరుకోకు. ఎన్ని వారాలుగా ఉంది, ఎన్ని గంటలు నిద్ర, ఎన్ని పూటలు తిండి, ఎన్ని క్లాసులు పోయాయి, అన్నీ చెప్పు. డిప్రెషన్‌కి మందు రాస్తే గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వికారం, నిద్ర తేడా మాత్రం ముందే వస్తాయి. అది చూసి మందు పనిచేయలేదని సొంతంగా ఆపేయకు. 25 ఏళ్ల లోపు వాళ్లకి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది. అలా అనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

నాకు అసలు దిగులు నీ ఒంటరితనం గురించే. రాత్రి ఒంటిగంటకి ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ మధ్యాహ్నం, అందరూ హాయిగా మాట్లాడతారు. నీకు తెల్లవారుజామున నిద్ర, మధ్యాహ్నం మెలకువ. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది కాబట్టి ఎండ మొహం చూడవు, మనిషి మొహమూ చూడవు. ఆ ఫోన్‌ని పొద్దున తొమ్మిదికి మార్చు, చలికాలంలో అప్పటికి హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర. మాట్లాడుతూ బయట అరగంట నడువు.

వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం అనుకో, ఒకే మనిషితో కలిసి వండుకుని తిను. 'బుద్ధి పుట్టినప్పుడు వస్తాను' అనుకుంటే ఎప్పటికీ వెళ్లవు, ఈ జబ్బు ముందు చంపేది ఆ బుద్ధినే. అందుకే రోజులు ముందే ఖాయం చేసుకోవాలి. ఆ మనిషితో, 'నాకు డిప్రెషన్ ఉంది, రానన్నా వచ్చి తలుపు కొట్టు' అని స్పష్టంగా చెప్పు. తెలుగు సంఘం పండగల్లో మూడొందల మంది కనిపిస్తారు, నువ్వు తిన్నావో లేదో వాళ్లలో ఎవరికీ తెలియదు. చలికాలాలు నెగ్గుకొచ్చిన మాలాంటి వాళ్లకి ఆసరా అయింది అలాంటి ఒకరిద్దరే.

రాత సంగతి. బాధ ఉంటేనే కథ వస్తుందని నమ్మకు, ఏకాగ్రతని తినేసేది ఈ జబ్బే. పగటి వెలుగులో పది నిమిషాలు రాసి ఆపెయ్యి. కోలుకునేదాకా పాతవి చదివి తీర్పు చెప్పుకోకు.

చచ్చిపోవాలనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల సాయానికున్న నంబరు 988కి కాల్ గానీ టెక్స్ట్ గానీ చెయ్యి, ఏ వేళైనా పలుకుతారు. నీ పరిస్థితి అమ్మానాన్నలకి ఎలా అర్థం చేసుకోవాలో తెలియకపోతే ఇండియాలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కి ఫోన్ చేయమను, తెలుగులోనే మాట్లాడతారు.